కెటిల్ కొంటే గ్యాస్ మిగులుతుందా? మా ఇంటి కాఫీ లెక్క

ఇంట్లో ఇద్దరమే ఉన్నా సిలిండర్ నలభై రోజులకే అయిపోతోందని, రోజుకు నాలుగుసార్లు ఫిల్టర్ కాఫీ పెడతామని, ఎలక్ట్రిక్ కెటిల్ కొంటే ఖర్చు తగ్గుతుందా అని అడిగారు. తగ్గదండీ. తగ్గినా మీ కంటికి ఆననంత.

రెండేళ్ల కిందట పిల్లలిద్దరూ చదువులకు వెళ్లిపోయి మేమిద్దరమే మిగిలినప్పుడు ఇదే ఆశతో నేనూ కెటిల్ కొన్నాను. సిలిండర్ మార్చిన రోజును క్యాలెండర్‌లో రాసిపెట్టడం మా ఇంట్లో అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. అంతకుముందు సిలిండర్ 41 రోజులు వచ్చేది. కెటిల్ వచ్చాక వరుసగా రెండు సిలిండర్లు గమనించాను. ఒకటి 42, ఇంకొకటి 43 రోజులు వచ్చాయి. అటు మీటరులో నెలకు మూడు నాలుగు యూనిట్లు పెరిగాయి.

లెక్క వేస్తే కారణం తెలిసింది. లీటరు నీళ్లను గది వేడిమి నుంచి మరుగుకు తేవడానికి కెటిల్‌కు దాదాపు 0.1 యూనిట్ కరెంటు పడుతుంది. అవే నీళ్లకు పొయ్యి మీద 11, 12 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది, ఎందుకంటే మంటలో సగానికి కాస్త అటూ ఇటూగా మాత్రమే గిన్నెలోకి చేరుతుంది, మిగిలిన వేడి పక్కలకు పోతుంది. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలనుకుంటే లీటరుకు 75 పైసలు. కరెంటు యూనిట్ ఆరు రూపాయలైతే 60 పైసలు. మీరు పై శ్లాబులో ఉండి యూనిట్‌కు తొమ్మిది రూపాయలు కడుతుంటే కెటిల్‌కే ఎక్కువ అవుతుంది. ఇక మీది తెలంగాణ అయి, గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు లేకుండా ఉంటే, ఆ గీత దాటనంతవరకు కెటిల్ వాడుకోండి. ఎండాకాలంలో 195, 198 దగ్గర తిరిగే ఇల్లయితే మాత్రం ఈ నాలుగు యూనిట్లే గీత దాటించేయగలవు. ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నవాళ్లకు పొయ్యే మేలు.

కెటిల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. చాలా కెటిళ్లలో కనీసం అర లీటరు నీళ్లు పోయాలని గీత గీసి ఉంటుంది. ఇద్దరికి డికాక్షన్ వేయడానికి కావలసింది 150 మిల్లీలీటర్లు. తక్కినవి ఊరికే కాగి, ఊరికే చల్లారతాయి. అందులో పాలు మాత్రం కాచవద్దు, అడుగంటుతాయి.

మరి గ్యాస్ ఎటు పోతోంది? ఒక వారం వంటగదిలో కాగితం పెట్టి, పాలగిన్నె పొయ్యి ఎక్కిన ప్రతిసారీ ఒక గీత పెట్టాను. రోజుకు సగటున ఆరుసార్లు! పొద్దున్న పాలు కాచాం. ఆయన వాకింగ్ నుంచి వచ్చాక మళ్లీ వేడి చేశాం. పదకొండింటికి నాకు ఒకసారి. మధ్యాహ్నం, సాయంత్రం, ఎవరైనా వస్తే ఇంకోసారి. కావలసింది అర గ్లాసే అయినా ప్రతిసారీ గిన్నెడు పాలూ వేడెక్కేవి. దీనికి తోడు ఇంకొకటి, నేను ఎన్నడూ ఆలోచించనిది. పాలు పొంగు వచ్చాక కూడా మంట అలాగే ఉంచి, గరిటెతో తిప్పుతూ రెండు మూడు నిమిషాలు మరిగించేదాన్ని, చిక్కబడతాయని. నీరు ఒకసారి మరుగుకు వచ్చాక ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కదు, ఆవిరి అవుతుందంతే. గది వేడిమి నుంచి మరుగుకు తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లు ఆ నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి పడుతుంది. అంటే వంద మిల్లీలీటర్లు ఆవిరిగా పోయాయంటే, ఆ గ్యాస్‌తో 700 మిల్లీలీటర్ల నీళ్లు కాగేవి. పాకెట్ పాలు డెయిరీలోనే పాశ్చరైజ్ అయి వస్తాయి కనుక వాటికి ఒక పొంగు చాలు. చిక్కదనం కావాలంటే డికాక్షన్‌లో తెచ్చుకోవాలి, ఆ సంగతికి వస్తాను.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న పాలు ఒకేసారి కాస్తాం. ఎనిమిదింటి లోపు తాగే రెండో కాఫీకి కావలసిన పాలు వెంటనే చిన్న ఫ్లాస్కులో పోస్తాను. ఫ్లాస్కును ముందు వేడినీళ్లతో కడిగితేనే వేడి నిలుస్తుంది. మిగతావి చల్లారాక ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. తరువాత ఎప్పుడు కావాలన్నా గ్లాసుతో కొలిచిన పాలే చిన్న గిన్నెలో, చిన్న బర్నర్ మీద వేడి చేస్తాను. ఒక హెచ్చరిక. ఫ్లాస్కులో పాలు రెండు మూడు గంటలు మించి ఉంచకండి. మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం దాకా వదిలేస్తే విరిగిపోయాయి. అర లీటరు పాలు పారబోయడమంటే మూడు నాలుగు రోజుల్లో మిగిలిన గ్యాస్ కన్నా ఎంతో ఎక్కువ నష్టం.

మంట సంగతి మీకు తెలిసే ఉంటుంది. గిన్నె అంచు దాటి మంట పైకి లేస్తుంటే అది గోడకు పెట్టిన వేడే. మంట పసుపురంగులో ఉండి గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం, శుభ్రం చేయాలి. స్టీలు గ్లాసు చల్లగా ఉంటే కాఫీ పోయగానే చల్లారుతుంది, "కొంచెం వేడిచేసి ఇవ్వు" అన్న మాట వెంటనే వినబడుతుంది. గ్లాసును, డబరాను వేడినీళ్లతో కడిగి పోస్తే ఆ మాట రాదు.

వీటన్నిటితో మా సిలిండర్ ఇప్పుడు 45, 46 రోజులు వస్తోంది. డబ్బుల్లో చూస్తే నెలకు అరవై రూపాయలు. చిన్నదే, కానీ నికరంగా మిగులుతోంది.

అసలు డబ్బు కాఫీ పొడిలో ఉందండీ. మా ఇంట్లో ఉన్నది అత్తగారి ఇత్తడి ఫిల్టర్, ఎనిమిది మందికి సరిపడేది. ఆమె చేతి వస్తువని దాన్ని వదలలేక ఇద్దరికీ అందులోనే వేసేదాన్ని. అంత వెడల్పు గిన్నెలో రెండు చెంచాల పొడి వేస్తే పొర పల్చగా పరుచుకుంటుంది. నీళ్లు పోయగానే సర్రున దిగిపోతాయి, సారం పొడిలోనే ఉండిపోతుంది. డికాక్షన్ పల్చనైందని ఇంకో చెంచా, ఇంకో చెంచా. ఇద్దరికి నెలకు కిలోంబావు పొడి! ఇద్దరికి సరిపోయే చిన్న స్టీలు ఫిల్టర్ కొన్నాక అదే పొడి మందంగా కూర్చుంటోంది, డికాక్షన్ బొట్టుబొట్టుగా, నల్లగా, చిక్కగా దిగుతోంది. ఇత్తడిది పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, చుట్టాలు దిగినప్పుడు బయటికి వస్తుంది.

వేసే తీరూ ముఖ్యమే. పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా సర్దాలి, గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. ముందు రెండు చెంచాల మరిగిన నీళ్లు చుట్టూ పోసి అర నిమిషం ఆగండి. పొడి తడిసి ఉబ్బుతుంది. ఆ తరువాత మిగతా నీళ్లు నిదానంగా పోసి మూత పెట్టండి. ఈ అర నిమిషమే మాకు రోజుకు ఒక చెంచా పొడి మిగిల్చింది. చెంచాను కూడా చదును చేసి కొలవండి. వంటగది త్రాసు మీద పెట్టి చూస్తే కుప్పగా తీసిన చెంచాలో తొమ్మిది గ్రాములు ఉంది, చదును చేసినదానిలో ఆరు. ఇన్నేళ్లూ నేను రెండు చెంచాలనుకుంటూ మూడు చెంచాలు వేశాను. మరీ మెత్తని పొడి చిల్లుల్లో ఇరుక్కుంటుంది, మరీ బరకగా ఉంటే సారం దిగదు. ఆడించే చోట ఫిల్టర్‌కని చెప్పి తీసుకోండి.

పొద్దున్నే వేసి దిగేదాకా ఎదురుచూడకుండా, రాత్రి పడుకునే ముందు వేస్తే తెల్లవారేసరికి సిద్ధంగా ఉంటుంది. మిగిలింది మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే వాడేయండి. డికాక్షన్‌ను మాత్రం పొయ్యి మీద పెట్టవద్దు, చేదెక్కి వాసన పోతుంది. వేడి పాలు దాని మీద పోస్తే చాలు. పిప్పి మీద రెండోసారి నీళ్లు పోసి వచ్చే పల్చటి డికాక్షన్‌ను సాయంత్రం చిక్కనిదానిలో కొంచెం కలుపుతాను. దాన్ని ఒక్కదాన్నే తాగితే కాఫీ తాగినట్టు ఉండదు.

కాఫీ పొడిలో కలిపే చికోరీ (వేయించిన ఒక వేరు పొడి) గురించి కూడా అడిగారు. కాఫీ, చికోరీ పాళ్లు 80:20 ఉన్నదాని కన్నా 70:30 చవక, పైగా రంగు, చిక్కదనం ఎక్కువ కనబడతాయి. మేము పూర్వం 60:40 వాడాం. ఇప్పుడు అరకు అరబికా రకం గింజలు ఆడించి, అందులో ఐదో వంతు చికోరీ కలుపుతున్నాం. కిలో ధర ఎక్కువే అయినా నెలకు తొమ్మిది వందల గ్రాములతో సరిపోతోంది. చికోరీ తక్కువ ఉన్నది రుచికి మంచిదని నా అభిప్రాయం. కానీ డబ్బే ముఖ్యమైతే 70:30కి సంకోచించకండి.

రాత్రంతా చల్లటి నీళ్లలో పొడి నానబెట్టే పద్ధతి వేసవిలో బాగుంటుంది, గ్యాస్ అసలు అక్కర్లేదు. అయితే పొడి ఎక్కువ పడుతుంది కనుక దాన్ని ఆదా అనను. గంటల తరబడి పళ్లెం వేడిగా ఉంచే కాఫీ యంత్రాలు, ఒక్క కప్పుకు ఒక డబ్బీ పారేయించే యంత్రాలు ఇద్దరు ఉన్న ఇంటికి అక్కర్లేదు.

కెటిల్‌కు దాచిన డబ్బుతో చిన్న ఫిల్టర్, అర లీటరు ఫ్లాస్కు కొనండి. ఇప్పుడు వాడుతున్న ఫిల్టర్ ఎంతమందికి సరిపడేదో, నెలకు ఎంత పొడి తెస్తున్నారో రాయండి, ఎన్ని చెంచాలు వేయాలో మా కొలతతో పోల్చి చెబుతాను.