200 నైట్రస్ పెట్టే ముందు: అల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

టెక్కలి నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. హ్యూస్టన్‌లో కొన్న 2004 సిల్వరాడో పికప్, 5.3 లీటర్ల ఇంజిన్, ఇప్పటికే బాగా తిరిగిన బండి. "ఇంజిన్‌లో ఏమీ మార్చను మావయ్యా, 200 హార్స్‌పవర్ నైట్రస్ ఒకటి పెడతాను చాలు" అన్నావు. అంటే నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు బాటిల్ బిగించి, బటన్ నొక్కినప్పుడు 200 హార్స్‌పవర్ అదనంగా పుట్టించడం అన్నమాట. ఫోనులో చెబితే సగం విని సరే సరే అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వద్దని చెప్పను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పద్నాలుగేళ్లు నేను చేసిన పని అదే. నీ బండిలో ఉన్నలాంటి ఇంజిన్లు ఎన్ని విప్పి బిగించానో లెక్క లేదు. ఇనుప బ్లాకు, చాలా గట్టిది. పిస్టన్లు మాత్రం పోత అల్యూమినియం. అవి బరువు ఓర్చుకుంటాయి కానీ దెబ్బ ఓర్చుకోవు. మన షెడ్డు ముందు నుంచి గ్రానైట్ బ్లాకులతో వెళ్లే లారీలు చిన్నప్పటి నుంచీ చూశావు కదా. నెమ్మదిగా లాగితే ఎంత లోడైనా లాగుతాయి. డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలాడంటే యాక్సిల్ విరిగి రోడ్డు మీదే నిలబడతాయి. నీ పిస్టన్లదీ, వాటిని క్రాంక్‌కి కలిపే రాడ్లదీ అదే సంగతి.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. నైట్రస్ తనంతట తాను మండదు. దాని బరువులో 36 శాతం ఆక్సిజన్. ఇంజిన్ లోపల సుమారు 300 డిగ్రీల వేడికి అది విడిపోయి ఆ ఆక్సిజన్‌ని వదులుతుంది. దానికి సరిపడా పెట్రోల్ అందితే పవర్ వస్తుంది, అందకపోతే ఆ వేడికి పిస్టన్ కరుగుతుంది. ఇంజిన్ పోయిందని మా దగ్గరికి తెచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి నైట్రస్ ఎక్కువై పోలేదు, పెట్రోల్ తక్కువై పోయాయి.

అందులో ఒకటి నా చేతుల్లోనే పోయింది. నీ బండి లాంటిదే, 150 పెట్టాం. రెండు నెలలు చక్కగా నడిచింది. ఒక జూలై మధ్యాహ్నం ఓనరు బండి తెచ్చాడు. బాటిల్ వెనక తొట్టిలో, ఎండలో ఉంది. గేజి 1,300 పీఎస్‌ఐ దాటి చూపిస్తోంది. నేను చూశాను. బాటిల్ చల్లారేదాకా ఆగమని చెప్పాల్సింది, అతను తొందరలో ఉన్నాడని ఊరుకున్నాను. జెట్లు, అంటే నైట్రస్ ఎంత, పెట్రోల్ ఎంత వెళ్లాలో కొలిచే చిన్న రంధ్రాలు, మేం వేసింది 950 ప్రెషర్‌కి. ప్రెషర్ పెరిగేసరికి నైట్రస్ ఎక్కువ వెళ్లింది, పెట్రోల్ మాత్రం పాత లెక్కే వెళ్లింది. ఒక్క పరుగులో 7వ పిస్టన్ రింగు గాడి విరిగిపోయింది. ఆ పిస్టన్ చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ నాకు గుర్తుంది.

అందుకే బాటిల్ ప్రెషర్ గురించి గట్టిగా చెబుతున్నాను. 900కీ 1,000కీ మధ్య ఉంటేనే బటన్ నొక్కు. 36 డిగ్రీలు దాటితే నైట్రస్ ద్రవంగా నిలవదు, అక్కడి నుంచి ప్రెషర్ చకచకా ఎక్కుతుంది. మీ టెక్సస్ ఎండ షార్జా ఎండకి ఏం తీసిపోదు. వేసవిలో తడి గుడ్డ కప్పు. చలికాలంలో ప్రెషర్ తగ్గితే కంపెనీ హీటర్ బెల్టు వాడు, మంట మాత్రం బాటిల్ దగ్గరికే తేకూడదు, అలా చేసి బాటిళ్లు పేల్చుకున్నవాళ్లున్నారు. ఇంకో సంగతి, గేజి చూసి లోపల ఎంత మిగిలిందో చెప్పలేం. తూకం వేసే చూడాలి. ఖాళీ కావొస్తున్న బాటిల్‌తో పరుగు తీయకు. బాటిల్‌కి అయిదేళ్లకోసారి ప్రెషర్ టెస్టు ఉంటుంది, దాని మీద కొట్టిన తేదీ చూసి కొను.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. వెట్ కిట్ పెట్టు, అంటే నైట్రస్‌తో పాటు పెట్రోల్ కూడా నాజిల్ లోంచే వచ్చేది. నీ ఇంజిన్‌కి ఫ్యూయల్ ప్రెషర్ 58 పీఎస్‌ఐ ఉండాలి. ఇన్నేళ్లు తిరిగిన పంపు మామూలుగా 58 చూపిస్తుంది, నైట్రస్ తెరిచిన క్షణంలో పడిపోతుంది. కాబట్టి కిట్ కొనకముందే పంపూ ఫిల్టరూ మార్చు. ప్రెషర్ పడితే నైట్రస్‌ని ఆపేసే సేఫ్టీ స్విచ్ వేయించు. గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ గేజి పెట్టుకో, పరుగు మొత్తం రికార్డు చెయ్యి. మొదట్లో ఒక పాలు పెట్రోల్‌కి గాలి 11.5 పాళ్ల దగ్గర ఉండనీ. కొంచెం పవర్ తగ్గినా ఫరవాలేదు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే, జాగ్రత్తగా చదువు. నాజిల్ లోంచి నైట్రస్ సెకనుకి ఇంత అని ఒకే లెక్కలో వస్తూ ఉంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోందా వేగంగా తిరుగుతోందా దానికి తెలియదు. వీధి కొళాయి కింద బిందెలు మార్చడం గుర్తుందా? చేతులు చకచకా ఆడితే ఒక్కో బిందెలో కొన్ని నీళ్లే పడతాయి, నెమ్మదిస్తే బిందె పొర్లిపోతుంది. 5,000 ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్‌కి ఒక్కోసారి ఎంత అందుతుందో, 2,500లో దానికి రెట్టింపు అందుతుంది. అదే 200 జెట్, అదే బాటిల్, కానీ రాడ్ మీద పడే దెబ్బ వేరు. రాడ్లు వంగేది అప్పుడే. పైగా తక్కువ వేగంలో పెట్రోల్, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో నిలిచిపోయి, ఒక్క బ్యాక్‌ఫైర్‌తో ఆ ప్లాస్టిక్ మానిఫోల్డ్ ముక్కలవుతుంది. ఇంజిన్ వేగం చూసి నైట్రస్‌ని తెరిచి మూసే విండో స్విచ్ వేసి 3,000 దాటాకే తెరుచుకునేలా పెట్టు. పైన కూడా హద్దు ఉండాలి. రెవ్ లిమిటర్, అంటే ఇంజిన్ వేగానికి కంపెనీ పెట్టిన హద్దు, తగిలితే కంప్యూటరు పెట్రోల్ ఆపుతుంది, నైట్రస్ మాత్రం పోతూనే ఉంటుంది. కాబట్టి లిమిటర్‌కి 300 ఆర్‌పీఎం ముందే మూసేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే పనిచేసే స్విచ్ కూడా తప్పనిసరి.

పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మాటకి వస్తాను. ఇది నీకు నచ్చదు, ఎందుకంటే ఇంజిన్ దింపాలి. నైట్రస్ వేడికి పై రింగు సాగుతుంది. రెండు కొనలూ ఒకదానికొకటి తగిలాయంటే ఇక సాగడానికి చోటుండదు, పిస్టన్‌ని పట్టేసి గాడి విరగ్గొడుతుంది. నీ బోరు 96 మిల్లీమీటర్లు, అంటే 3.78 అంగుళాలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బోరు అంగుళానికి 7 థౌ చొప్పున చూస్తే రింగు కొనల మధ్య 26, 27 థౌ గ్యాప్ కావాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అంత ఉండదు. రింగులు ఫైలుతో అరగదీసి, ఒక్కోదాన్నీ దాని బోరులోనే పెట్టి ఫీలర్ గేజితో చూడాలి. రెండు రోజుల పని. అది చేస్తేనే 200. చెయ్యనంటే 100 దగ్గర ఆగిపో, నా మాట విను. బోల్టులు విప్పని ఇంజిన్ మీద 250 కొట్టి ఏమీ కాలేదని చెప్పేవాళ్లు నీకు దొరుకుతారు. ఆ ఇంజిన్ ఆరు నెలల తర్వాత ఎలా ఉందో వాళ్లని అడుగు.

ప్లగ్గు నిప్పు కొట్టే టైమింగ్ ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీలు వెనక్కి తీయాలి, 200కి 8 డిగ్రీలు. ఆక్సిజన్ ఎక్కువైతే మంట త్వరగా పాకుతుంది, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ప్రెషర్ నెత్తిన పడుతుంది. పెట్రోల్ 93 ఆక్టేన్‌కి తగ్గకూడదు. ప్లగ్గులు కంపెనీవి తీసేసి చల్లటి రకం వెయ్యి, ఎన్‌జీకే బీఆర్7ఈఎఫ్ మంచిది, గ్యాప్ 30 థౌ. ఇరీడియం సన్న మొనవి వద్దు. ఇక నీ గేర్‌బాక్సు 4ఎల్60ఈ అయితే అది ఇంజిన్ కంటే ముందే చేతులెత్తేస్తుంది. గేరు మారే క్షణంలో నైట్రస్ ఆగేలా పెట్టుకుంటే కొంత కాలం బతుకుతుంది.

ఈ మధ్య నరసన్నపేట నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి తమ జీపుకి నైట్రస్ పెట్టమన్నారు. పెట్టనన్నాను. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంజిన్‌ని అలా మార్చనివ్వదు, పైగా హైవే పక్కనే ఉన్న నేను అక్కడ జరిగేవి రోజూ చూస్తున్నాను. నువ్వు కూడా రోడ్డు మీద బాటిల్ తెరవకు. మీకు డ్రాగ్ స్ట్రిప్‌లు ఉన్నాయి, అక్కడికే వెళ్లు. వెళ్లేదాకా వాల్వు మూసి ఉండాలి. బాటిల్ క్యాబిన్‌లో పెడితే, ప్రెషర్ మితిమీరితే పగిలి గ్యాసు వదిలే సేఫ్టీ డిస్కు నుంచి గొట్టం బయటికి తీయించు.

మొదటి రోజు 100 జెట్లే వెయ్యి, రింగులు అరగదీసి వేసినా సరే. ఒక్క పరుగు తియ్యి, గీత దాటగానే ఇంజిన్ ఆపేసి బండిని తోయించుకుని వెనక్కి రా. ఐడిల్‌లో తిప్పావంటే ప్లగ్గు మీది గుర్తులు చెరిగిపోతాయి. ఎనిమిదీ విప్పి, కింద సిలిండర్ నంబర్లు రాసి, తెల్ల కాగితం మీద వరుసగా పెట్టు. పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నా, వెండిలా మెరిసే చుక్కలున్నా మళ్లీ స్టార్ట్ చెయ్యకు. ఏ ప్లగ్గుకీ అలాంటివి లేకపోయినా ఫోటో నాకు పంపు. మీకు మధ్యాహ్నం అంటే మాకు అర్ధరాత్రి, అయినా ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటాను. నేను చూసి చెప్పాకే 150 జెట్లు వెయ్యి.

మా అక్కకి, అదే మీ అమ్మకి, ఇంకా చెప్పలేదు. ఆ ఫోటో చూశాక నేనే చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య