సమాధానం: గెలుపుల లెక్క కాదు, పాయింట్ల తేడా చూడండి

పోయిన ఏడాది గెలుపులు చూసి ఈ సీజన్ అంచనా వేస్తుంటే ప్రతిసారీ తప్పుతోందన్నారు కదా. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది మామూలే. సీజన్‌లో ఒక్కో టీమ్‌కి 17 మ్యాచ్‌లు చాలా తక్కువ, అదృష్టం పాలు ఎక్కువ.

2022లో మిన్నెసోటా వైకింగ్స్‌నే తీసుకోండి. 13 గెలిచి 4 ఓడారు. కానీ చేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427! ఎనిమిది లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో తేలిన 11 మ్యాచ్‌లూ రెగ్యులర్ సీజన్‌లో (నాకౌట్‌కు ముందు దశ) వాళ్లే గెలిచారు. అలాంటిది ఏటా జరగదు. 2023లో 7 గెలుపులకు పడిపోయారు. క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించి బంతి విసిరే ఆటగాడు) కిర్క్ కజిన్స్ గాయపడ్డాడు, నిజమే. కానీ అతను ఆడినప్పుడూ 4 గెలుపులు, 4 ఓటములు మాత్రమే.

మీ టీమ్‌కి ఇలా చేయండి: చేసిన పాయింట్ల వర్గాన్ని, చేసినవాటి వర్గం, ఇచ్చినవాటి వర్గం కలిపిన మొత్తంతో భాగించి 17తో గుణించండి. 2022 వైకింగ్స్‌కి 8.4 గెలుపులు వస్తాయి. అక్కడ మొదలుపెట్టి, క్వార్టర్‌బ్యాక్ మారితే గట్టిగా సవరించండి. మిగతా మార్పులకు కొంచెం చాలు. ఫంబుల్స్ (ఆటగాడి చేతిలోంచి జారిన బంతులు) ఎక్కువగా దొరకబుచ్చుకుని గెలిచిన టీమ్ అయితే ఇంకాస్త తగ్గించండి, బంతి ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ లేదు. చివరికి ఒకే అంకె చెప్పకుండా 7 నుంచి 10 అన్నట్టు చెప్పండి.