మేనమామ ఇచ్చిన పుస్తకాల పెట్టె: పాత మెయిల్ సర్వర్ పుస్తకాలు ఇప్పుడు పనికొస్తాయా?

ప్రశ్న: మాది రాజాం. మా అబ్బాయి ఇక్కడే బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మా బావమరిది హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసేవాడు. ఇల్లు మారుతూ ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు మావాడికి ఇచ్చేశాడు. లోటస్ నోట్స్, డొమినో, ఎక్స్‌ఛేంజ్ 5.5, ఎక్స్‌ఛేంజ్ 2000, గ్రూప్‌వైజ్. అన్నీ పెద్ద కంపెనీల్లో మెయిల్, క్యాలెండర్ నెట్‌వర్క్ ఎలా పెట్టాలో చెప్పే లావుపాటి పుస్తకాలే. ఈ గుంటడు అవి ముందేసుకుని కూర్చున్నాడు, ఈ లైన్‌లోనే వెళ్తానంటున్నాడు. నేనేమో పాత పేపర్ల కొట్టుకి వేసేద్దామంటున్నాను. అమీర్‌పేటలో మెయిల్ అడ్మిన్ కోర్సుకి 45 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: పుస్తకాలు అమ్మకండి. ఫీజు ఇప్పుడే కట్టకండి. గ్రూప్‌వైజ్ పుస్తకం ఒక్కటీ కొట్టుకి వేసేసినా నాకు అభ్యంతరం లేదు.

ముందుగా మీ అనుమానంలో నిజం ఎంతుందో చెబుతాను. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సర్వర్ ఎక్స్‌ఛేంజ్, అందులో 5.5 వెర్షన్ వచ్చింది 1997లో. దాని స్టాండర్డ్ ఎడిషన్ కొంటే మెయిల్ డేటాబేస్ మొత్తం 16 జీబీ దాటకూడదు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసు మైక్రోసాఫ్ట్ 365లో బిజినెస్ బేసిక్ లాంటి చిన్న ప్లాన్ తీసుకున్నా ఒక్కొక్క ఉద్యోగికే కనీసం 50 జీబీ మెయిల్‌బాక్స్ వస్తోంది. కాబట్టి ఎంత డిస్క్ కొనాలి, ఏ బటన్ నొక్కి ఇన్‌స్టాల్ చేయాలి అనే అధ్యాయాలకి కాలం చెల్లింది. లోటస్ నోట్స్ సంగతి వేరు. 1989లో మొదటి వెర్షన్ వచ్చింది, 1995లో లోటస్ కంపెనీని ఐబీఎం కొంది, 2019లో నోట్స్, దాని సర్వర్ డొమినో మన హెచ్‌సీఎల్ చేతికి వచ్చాయి. 2023 చివర్లో డొమినో 14 కూడా విడుదలైంది. అంటే పోలేదు. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరే కుర్రాడు దాన్ని నమ్ముకుని వెళ్ళాల్సిన పని లేదు.

మరి ఎందుకు ఉంచమంటున్నానంటే, ఆ పుస్తకాల్లో మొదటి మూడోవంతు, చివరి మూడోవంతు చూడండి. ప్లానింగ్, మైగ్రేషన్ (పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారడం) అధ్యాయాలుంటాయి. కొత్త వీడియోల్లో నాకు దొరకనివి ఇవే. వీడియోలో ఒక కంపెనీ, ఒక సర్వర్, పదిమంది యూజర్లు ఉంటారు, ఇరవై నిమిషాల్లో అంతా అయిపోతుంది. అసలు పని అలా ఉండదు. పెళ్లికి ఎంతమంది వస్తారో, బంతికి ఎందరు కూర్చుంటారో తేల్చుకోకుండా వంటవాడికి బియ్యం లెక్క చెప్పలేం కదా. వేలమందికి మెయిల్ పెట్టేటప్పుడూ ముందు ఆ లెక్కలే. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ దగ్గర బ్యాండ్‌విడ్త్ లేదు, డిస్క్ లేదు. అందుకే ప్రతి ప్రశ్నా ముందే వేసుకున్నారు.

మీవాడికి ఒక పని ఇవ్వండి. పైడిభీమవరంలో ప్లాంటు, హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, నాలుగైదు ఊళ్ళలో డిపోలు ఉన్న ఒక మందుల కంపెనీ ఉందనుకోమనండి. మూడు వేలమంది ఉద్యోగులు. పాత సర్వర్ నుంచి క్లౌడ్‌కి మారాలి. ఒక్క రాత్రిలో అందరినీ మార్చడం కుదరదు. కొన్ని వారాలపాటు సగంమంది పాతదాంట్లో, సగంమంది కొత్తదాంట్లో ఉంటారు. ఆ రోజుల్లో ఇటువాళ్ళకి అటువాళ్ళ అడ్రసులు కనబడాలి, మీటింగ్ పెట్టేటప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారో తెలియాలి, ఎండీగారి క్యాలెండర్ చూసుకునే పీఏకి ఆ పర్మిషన్ పోకూడదు. అప్పలనాయుడు అనే పేరుతో నలుగురుంటే ఎవరికి ఏ మెయిల్ ఐడీ? ప్లాంటులో స్కానర్ నుంచి, ల్యాబ్ మెషీన్ నుంచి, కంపెనీ లెక్కలు, స్టాకు చూసే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ నుంచి పాత సర్వర్ ద్వారా మెయిళ్ళు వెళ్తుంటాయి. ఆ జాబితా ఎవరి దగ్గరుంది? చాలాచోట్ల ఎవరి దగ్గరా ఉండదు. పాత సర్వర్ ఆపేసిన తెల్లారి స్టోర్స్ నుంచి ఫోన్ వచ్చాకే తెలుస్తుంది.

ఈ ప్రశ్నలకి ఎక్స్‌ఛేంజ్ 2000 పుస్తకంలో జవాబు పాతదే, కానీ ప్రశ్న పాతబడలేదు. కాబట్టి చదివే పద్ధతి ఇలా పెట్టుకోమనండి: ప్రశ్నలు పుస్తకంలోంచి తీసుకోవాలి, జవాబులు మైక్రోసాఫ్ట్ లెర్న్ సైట్లో వెతుక్కోవాలి. అది ఉచితమే. ఇంగ్లిష్‌లో వేగంగా చదవలేకపోతే రోజుకి పది పేజీలు చాలు, అర్థమైనది తెలుగులో నోట్సు రాసుకున్నా పర్వాలేదు. ప్లాన్ మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి. ఆ మందుల కంపెనీకి నాలుగు పేజీల మైగ్రేషన్ ప్లాన్ సొంతంగా రాసి ఇంటర్వ్యూకి తీసుకెళ్ళిన కుర్రాడిని నేనైతే సర్టిఫికెట్ ఉన్నవాడికంటే ముందు కూర్చోబెడతాను.

పుస్తకాల్లో లేనివీ చాలా ఉన్నాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు మాటలు వాటిలో కనబడవు. మెయిల్ నిజంగా ఆ కంపెనీ నుంచే వచ్చిందా అని సరిచూసే ఏర్పాట్లవి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000కు పైగా మెయిళ్ళు పంపేవాళ్ళకి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. యాహూ కూడా అదే దారి పట్టింది. ఈ మూడూ అర్థం కావడానికి పైసా అక్కర్లేదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, బ్యాంకు నుంచి వచ్చిన ఏదైనా మెయిల్‌కి 'షో ఒరిజినల్' నొక్కితే ఏది పాసైందో, ఏది ఫెయిలైందో కనబడుతుంది. ఇవాళ రాత్రే చూడమనండి. తరువాత ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే కంప్యూటర్లు ఉన్నట్టు నడిపే వర్చువల్‌బాక్స్‌లో రెండు లైనక్స్ మెషీన్లు పెట్టి, పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు వేసి, వాటి మధ్య మెయిల్ నడపాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి బయటికి మెయిల్ పంపాలని చూడొద్దు, చాలా కనెక్షన్లలో సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ వెళ్ళే దారి, అంటే పోర్ట్ 25, మూసేసి ఉంటుంది. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, నేర్చుకోవడానికి ఆ రెండు మెషీన్లు చాలు.

ఇక ఉద్యోగాల మాట. అచ్చంగా మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగాలు మీ బావమరిది రోజుల్లో ఉన్నన్ని ఇప్పుడు లేవు, క్లౌడ్ ఆ పనిలో చాలా భాగం తీసేసుకుంది. మిగిలిన పని పేరు మారింది: మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్, మెసేజింగ్ సపోర్ట్, ఐడెంటిటీ (లాగిన్లు, పర్మిషన్లు చూసే పని), ఈమెయిల్ సెక్యూరిటీ. ఎక్స్‌ఛేంజ్ 2016, 2019 వెర్షన్లకి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది కాబట్టి మైగ్రేషన్ పనులు ఇంకా నడుస్తాయి. సైబర్ దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో తమకు తెలియజేయాలని, లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశాలిచ్చింది. ఆ లాగ్‌లు చదవడం వచ్చినవాడికి సెక్యూరిటీ వైపు దారి ఉంటుంది. మొదట్లో నైట్ షిఫ్టులు ఖాయం, మైగ్రేషన్లు శని, ఆదివారాల్లోనే పెడతారు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా, అందులో దూరిపోవచ్చని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. డేటా సెంటర్ నడిపే పని వేరు, కంపెనీల మెయిల్ చూసే పని వేరు.

ఇంకో మాట కొంచెం గట్టిగా చెప్పాలి. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు మెయిల్ అడ్మిన్ కావాలని రావు. ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు పెడతాయి. ఫైనలియర్ ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా ఆ తయారీయే ముందు, ఈ పుస్తకాలు సాయంత్రాలకి. పైగా ఎక్స్‌ఛేంజ్ పని అంటే ఇప్పుడు పవర్‌షెల్ (మైక్రోసాఫ్ట్ కమాండ్ల భాష) స్క్రిప్టులే, మూడు వేల మెయిల్‌బాక్సుల్ని ఎవరూ మౌస్‌తో నొక్కుతూ కూర్చోరు. కాబట్టి కోడింగ్ నేర్చుకున్నది ఎటూ పోదు.

కోర్సు విషయానికొస్తే, 45 వేలు అడుగుతున్నవాళ్ళని ఇవి అడగండి: విద్యార్థికి సొంత టెనెంట్ (మైక్రోసాఫ్ట్ 365లో ఒక కంపెనీకిచ్చేలాంటి విడి ఖాతా) ఇచ్చి ప్రాక్టీస్ చేయిస్తారా, లేక సార్ స్క్రీన్ చూపిస్తారా? పాత సర్వర్, క్లౌడ్ కలిసి నడిచే హైబ్రిడ్ సెటప్ చేయిస్తారా? మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సర్టిఫికెట్ కోసం రాసే ఎంఎస్-102 పరీక్ష ఫీజు అందులో కలిసే ఉందా? జవాబు నీళ్ళు నమిలినట్టుంటే వదిలేయండి. అంతకంటే ముందు మీ బావమరిదికి ఫోన్ చేయండి. ఆయన చేసిన మైగ్రేషన్లలో ఏది ఎక్కడ తన్నిందో, శనివారం రాత్రి ఎవరెవరిని నిద్ర లేపాల్సి వచ్చిందో మేనల్లుడికి రెండు ఆదివారాలు కూర్చుని చెప్పమనండి. మీవాడు రాసిన నాలుగు పేజీల ప్లాన్ ఆయనే దిద్దాలి. ఆయన దిద్దాక కూడా అబ్బాయికి ఇదే కావాలనిపిస్తే, ప్లేస్‌మెంట్ల తరువాత కోర్సు గురించి ఆలోచిద్దాం.