యుద్ధమొస్తే బంగారం పెరుగుతుందా? ఒక అమ్మాయి నోట్‌బుక్, ఒక నాన్న భయం

ప్రశ్న: మాది దామలచెరువు దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా అమ్మాయి తిరుపతిలో బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతోంది. పొద్దస్తమానం యుద్ధాలు, అమెరికా వడ్డీ రేట్లు, ట్రంప్ సుంకాలు అంటూ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఎంఏ చేస్తానంటుంది, షేర్లు కొనడానికి డీమ్యాట్ ఖాతా తెరవమంటుంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. మార్కెట్లంటే జూదమేనని నా టెన్షన్. ఆమె నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను. ఏం చేయమంటారు సార్?

జవాబు: ముందు ఆ పేజీ సంగతే మాట్లాడతానండి. ఎడమవైపు వార్త, కుడివైపు ధర, మధ్యలో ఎర్ర పెన్నుతో బాణం గుర్తులు. ‘యుద్ధం వస్తే బంగారం పైకి’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. ఆ గీతలు చూసి నాకు ముచ్చటేసింది. కానీ ఆ వాక్యం సగమే నిజం. అమ్మాయి నేర్చుకోవాల్సింది ఆ మిగతా సగమే.

రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది 2022 ఫిబ్రవరి 24న. ఆ ఒక్క రోజే మన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2,700 పాయింట్లు పడింది. మార్చి రెండో వారంలో బంగారం ఔన్సు 2,000 డాలర్లు దాటింది. ఇక్కడిదాకా బాణం సరిపోయింది. అదే ఏడాది అక్టోబరుకి ధర 1,650 డాలర్ల దరిదాపులకు దిగింది. యుద్ధం మాత్రం ఆగలేదు. జరిగిందేమిటంటే, ధరల పెరుగుదలను అదుపు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆ మార్చి నుంచే వడ్డీ పెంచుతూ పోయింది. దాదాపు సున్నా దగ్గరున్న రేటు 2023 జూలైకి 5.25-5.50 శాతానికి చేరింది. బంగారం వడ్డీ ఇవ్వదు, అమెరికా ప్రభుత్వానికి అప్పిచ్చి కొనే బాండు ఇస్తుంది. డబ్బు అటు మళ్లింది.

సరే, వడ్డీ పెరిగితే బంగారం పడుతుందని రాసుకోమందామా? అదీ నిలవలేదు. రష్యా విదేశీ నిల్వల్లో సుమారు 300 బిలియన్ డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. రేపు మన డాలర్ల గతి ఏమిటని చాలా దేశాలు ఆలోచనలో పడ్డాయి, బంగారం వైపు చూశాయి. 2022, 2023, 2024లలో ప్రపంచ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. వడ్డీ ఐదు శాతం పైన ఉండగానే బంగారం కొత్త రికార్డులు కొట్టింది. కారణాలు చాలా ఉంటాయి. ఏ పూట ఏది బరువు తూగుతుందో పట్టుకోవడమే ఈ చదువు.

అమ్మాయికి ఒక పని చెప్పండి. ఔన్సు అంటే 31.1 గ్రాములు. ఔన్సు డాలరు ధర, ఆ రోజు రూపాయి మారకం, దిగుమతి సుంకం, ఈ మూడూ తీసుకుని గ్రాము ధర కట్టమనండి. దాని మీద మూడు శాతం జీఎస్టీ వేసి, గాంధీ రోడ్డు నగల దుకాణం బోర్డుతో పోల్చమనండి. 2024 జూలై బడ్జెట్లో సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే మన దగ్గర ధర ఎందుకు జారిందో తనంతట తనకే తెలుస్తుంది.

ఇక మీ తోట. 2025 సీజన్లో తోతాపురి ధర ఎలా పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం సాయంగా 4 రూపాయలు ఇచ్చేలా లెక్క కట్టాల్సి వచ్చింది. కాపు ఎక్కువ, పాత గుజ్జు నిల్వలు గోదాముల్లోనే ఉన్నాయి. ఆ గుజ్జు డ్రమ్ముల్లోకెక్కి, కంటైనర్లలో యూరప్‌కీ గల్ఫ్‌కీ పోయేది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. దారి పది రోజులకు పైగా పెరిగింది, కిరాయీ పెరిగింది. ధర పడిపోవడానికి అదొక్కటే కారణమని నేననను. కానీ మండీలో మీరు వినే ధర వెనక ఇలాంటి లెక్కలూ ఉంటాయి. వాటిని చదవగలిగిన మనిషి మీ ఇంట్లోనే తయారవుతోంది.

జూదం మాట. మీ భయం ఉత్తిది కాదు. ముందు ముందు ధర ఎటు పోతుందో పందెం కట్టినట్టుండే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. పీజీ ఫీజుకని ఇంట్లో ఇచ్చిన డబ్బు ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకుని నా ముందు తలొంచుకుని కూర్చున్న కుర్రాడిని చూశాను. డీమ్యాట్ తెరవండి, నెలకు ఐదు వందలతో, సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ కొననివ్వండి. ఆప్షన్స్ జోలికి మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఈ మాటలో నేను మెత్తబడను.

చదువు విషయంలో అసలు చిక్కు వేరే ఉంది: లెక్కలు. బీఏ పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. మంచి ఎంఏ ఎకనామిక్స్‌లో మొదటి సెమిస్టర్ నుంచే కలన గణితం (కాలిక్యులస్), స్టాటిస్టిక్స్, ఆర్థిక అంకెలను విశ్లేషించే ఎకనమెట్రిక్స్ ఉంటాయి. రోజుకో గంట ఇప్పుడే మొదలుపెట్టాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. రిజర్వ్ బ్యాంకు స్థాపించిన ముంబై ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్‌కి వేరే పరీక్ష ఉంటుంది. పీజీ ఉంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్ బి ఆఫీసరు ఉద్యోగం ఉంది. బ్యాంకు ట్రెజరీలు, రేటింగ్ సంస్థలు, ఎగుమతి కంపెనీల్లో విదేశీ మారకం చూసే ఫారెక్స్ విభాగాలూ ఉన్నాయి. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా చేసిన వై.వి. రెడ్డి గారిది మన పక్క కడప జిల్లానే. బంధువులకు ఆ పేరు చెప్పండి. బీఈడీ చెడ్డదని కాదు, ఈ పిల్ల మనసు అక్కడ లేదు.

వచ్చే జూన్‌లో కాయ తోలేటప్పుడు ఆమెను మీతోపాటు గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకెళ్లండి. ఎగుమతి ఆర్డరు డాలర్లలో ఉందా, యూరోల్లోనా, ఓడ కిరాయి ఎవరు భరిస్తున్నారని అక్కడి గుమస్తాను అడగమనండి. ఆ జవాబులు రాసుకున్న పేజీ కూడా ఫొటో తీసి నాకు పంపండి.