సందేహాలు – సమాధానాలు: స్విచ్ వేయకముందే మూత తీయండి

ప్రశ్న: మా నాన్నగారు 1994లో డీటీపీ సెంటర్ పెట్టినప్పుడు కొన్న 486 కంప్యూటరు ఇరవై ఏళ్లుగా అటక మీద ఉంది. ఆయన కంపోజ్ చేసిన పెళ్లిపత్రికలు, మా ఊరి కవుల పుస్తకాలు దాని 420 ఎంబీ హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి. గత నెల స్విచ్ వేస్తే సీమాస్ (కంప్యూటరు సెట్టింగులను గుర్తుంచుకునే చిప్పు) లోపమని, హార్డ్‌డిస్కు లేదని తెర మీద వచ్చింది, కీబోర్డు పనిచేయలేదు. లోపల కీబోర్డు తగిలించే చోట ఆకుపచ్చ పొడి కనిపిస్తోంది. బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: బ్యాటరీ మార్చినంత మాత్రాన సరిపోదు. మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) శుభ్రమయ్యే వరకు ఆ కంప్యూటరుకు మళ్లీ కరెంటు ఇవ్వకండి. మూత తీసే ముందు ప్లగ్గు పీకేయడం తప్పనిసరి. ఆ కాలపు ఏటీ క్యాబినెట్లలో ముందువైపు స్విచ్చు దాకా 230 వోల్టుల కరెంటు నేరుగా వస్తుంది.

మీరు చూసిన పొడి ఇత్తడి బిందెకు పట్టే చిలుము వంటిదే. ఆ బోర్డుల మీద చిన్న పీపా ఆకారంలో ఉండే 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ వయసు మీరాక కారుతుంది. అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం పక్కనున్న రాగి ట్రాకులను (కరెంటు ప్రవహించే సన్నని గీతలను), కీబోర్డు కంట్రోలర్ చిప్పు కాళ్లను తినేస్తుంది. హార్డ్‌డిస్కు వివరాలు బోర్డుకు గుర్తుండేది ఆ బ్యాటరీ వల్లనే కనుక, డిస్కు కనిపించనంత మాత్రాన అది పాడైందని బెంగపడకండి.

బోర్డును బయటికి తీసి, బ్యాటరీని కత్తిరించి తొలగించండి. తెల్ల వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో చిలుము మీద రుద్దితే సన్నని నురగ వస్తుంది. అది ఆగే వరకు రుద్ది, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తర్వాత భూతద్దంతో చూడండి. నిరుడు నా బల్ల మీదికి వచ్చిన ఒక బోర్డులో ట్రాకు పైకి నిండుగానే కనిపించింది. సూదిమొన తాకగానే ఆకుపచ్చ పూత పొరలా లేచింది, కింద రాగికి బదులు నల్లటి గీత మిగిలింది. అందుకే ప్రతి ట్రాకునూ మల్టీమీటరుతో పరీక్షించి, తెగినచోట సన్నని ఎనామిల్ తీగ సోల్డర్ చేయించండి.

కొత్త బ్యాటరీని మళ్లీ బోర్డు మీదే అతికించడాన్ని నేను ఒప్పుకోను. మూడు నికెల్-మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లులను హోల్డర్‌లో ఉంచి, పొడుగు తీగలతో బోర్డుకు దూరంగా అమర్చండి. లిథియం బిళ్ల సెల్లును నేరుగా పెడితే బోర్డు దానికి చార్జింగ్ పంపుతుంది, అది ప్రమాదం. మధ్యలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఉండి తీరాలి. ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకు కరెంటు అందించే పెట్టె) కనెక్టర్లు రెండింటినీ తిరిగి పెట్టేటప్పుడు నల్లతీగలు మధ్యలో పక్కపక్కన ఉండేలా చూడండి, తారుమారైతే బోర్డు కాలిపోతుంది.

డిస్కు లేబుల్ మీది సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలను కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెటప్‌లో నమోదు చేస్తే అది తిరిగి కనిపించవచ్చు. అంత పాత డిస్కులను యూఎస్‌బీ కన్వర్టర్లు చాలాసార్లు గుర్తించవు కాబట్టి, ఐడీఈ (పాత హార్డ్‌డిస్కులను తగిలించే పద్ధతి) అడాప్టర్‌తో 512 ఎంబీ కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డును రెండో డిస్కుగా పెట్టి, మొదటి రోజే అన్నీ కాపీ చేసుకోండి. నాన్నగారి అక్షరాలు నేడు అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌వి కావు. ఆనాటి తెలుగు ఫాంట్ల ఫైళ్లను కూడా తీసుకోకపోతే ఆ పుస్తకాలు తెర మీద అర్థంలేని గుర్తులుగా మిగులుతాయి.

ప్రశ్న: 2002లో కొన్న పెంటియం 4 కంప్యూటరు కాసేపటికే దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది.
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: ఆ రోజుల్లో తయారైన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో చాలావాటికి ఈ జబ్బు ఉండేది. ఉబ్బినవాటినే కాక ఆ వరుసలోని అన్నింటినీ మార్పించండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు. 105 డిగ్రీల లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకమే అడగండి; మామూలు 85 డిగ్రీల రకం ఆ వేడికి ఎక్కువ కాలం నిలవదు. పాతవి తీయకముందే ఫోటో తీసుకుని, ఒంటి మీద గీత ఉన్న నెగటివ్ వైపు ఏ రంధ్రంలో ఉందో గుర్తు పెట్టుకోమని మెకానిక్‌కు చెప్పండి.