పండుగ నాడు కాదు, ముందు రోజు వెళ్ళండి

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. వరంగల్ నుంచి ఇంజనీరింగ్‌కు వచ్చి ఏడాదయింది, ఆదివారం వస్తే మాల్ లేదంటే సినిమా, నెలాఖరుకు చేతిలో మిగిలేది ఏడెనిమిది వందలు, ఇంత పెద్ద ఊళ్ళో కాలానికి తగ్గట్టు చేయడానికి ఏమీ లేదా అన్నారు. ఖమ్మం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి చిక్కడపల్లి హాస్టల్లో నాలుగేళ్ళు ఉన్నాను నేను. మొదటి ఏడాది నాదీ ఇదే కథ. తర్వాత ఒక సంగతి తెలిసివచ్చింది. హైదరాబాద్‌లో ఏ వేడుకైనా సరిగ్గా ఆ రోజు, ఆ వేళకు చూడబోతే మనకు కనిపించేది ముందు నిలబడ్డవాడి వీపు. ముందు రోజు వెళితే ఆ వేడుక తయారవుతూ ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూడవచ్చు, చేస్తున్నవాళ్ళతో మాట్లాడవచ్చు. ఖర్చు కూడా బస్సు పాసుతో సరి.

దసరా సెలవులు అయిపోయాయి కాబట్టి దీపావళి నుంచి మొదలుపెడతాను. దీపావళి వెళ్ళిన రెండో రోజు రాత్రి నారాయణగూడలో సదర్ జరుగుతుంది. యాదవులు తమ దున్నపోతులను అలంకరించి, డప్పుల మధ్య ఊరేగించే పండుగ. హర్యానా, పంజాబ్‌ల నుంచి తెప్పించిన ముర్రా జాతి దున్నలు, ఒక్కొక్కటి చిన్నసైజు గుట్టలా ఉంటాయి. మొదటిసారి వైఎంసీఏ కూడలి దగ్గర రెండు గంటలు నిలబడి రెండు కొమ్ముల చివరలు చూసి వచ్చాను. మరుసటి ఏడాది, మా హాస్టల్‌కు పాలు పోసే పెద్దాయన ముందు రోజు సాయంత్రం తన కొట్టానికి రమ్మన్నాడు. ఇద్దరు మనుషులు ఒక దున్నకు నూనె పట్టిస్తున్నారు. వీధిదీపం వెలుగు దాని వీపు మీద నీళ్ళలో పడ్డట్టు కదులుతోంది. కొమ్ములకు రంగు వేసి అప్పుడే ఆరబెట్టారు. కాళ్ళకు, మెడకు కట్టవలసిన గవ్వల పట్టీలు గోడకు వేలాడుతున్నాయి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోతే పెద్దాయన నవ్వి, "భయపడకు బిడ్డా, వాడికి నీకంటే సిగ్గెక్కువ" అన్నాడు. పలుపు నా చేతికిచ్చాడు. అది ఒకసారి తల విదిలించింది, నేను రెండడుగులు దానితో పాటు వెళ్ళాను, అంతే. ఆ రాత్రి హాస్టల్లో నా గురించి నేను చెప్పుకున్న కథలో మాత్రం చాలా దూరం నడిచాం.

మీకు తెలిసిన యాదవ కుటుంబం లేకపోవచ్చు. మీ హాస్టల్‌కు పాలు ఎక్కడినుంచి వస్తాయో కనుక్కోండి, దారి అక్కడే దొరుకుతుంది.

చలికాలంలో డిసెంబరు పుస్తక ప్రదర్శన దోమలగూడలోని ఎన్టీఆర్ స్టేడియంలో జరిగేది. మా గది నుంచి నడక దూరం. దీనికి మాత్రం ముందు రోజు సూత్రం లేదు. పనిరోజు మధ్యాహ్నం వెళ్ళండి, పాత పుస్తకాల దుకాణాల దగ్గర తీరిగ్గా నేల మీద కూర్చుని వెతకవచ్చు. ఎటూ ఆ నెలలోనే పరీక్షలు పెడతారు, అందుకే నాలుగేళ్ళలో ప్రతిసారీ పాఠ్యపుస్తకం పేరు చెప్పి కథల పుస్తకాలు కొన్నాను.

సంక్రాంతికి మీరు ఇంటికి వెళతారు, హాస్టల్లో వంటమనిషి కూడా ఉండడు. కాబట్టి జనవరి మొదటి వారంలోనే ధూల్‌పేట వెళ్ళండి. గాలిపటాలూ అక్కడే, వినాయక విగ్రహాలూ అక్కడే తయారవుతాయి, ఏడాదికి రెండుసార్లు ఆ పేట రంగులో మునుగుతుంది. దుకాణంలో పతంగి కొనుక్కుని వచ్చేయకుండా లోపలి సందుల్లోకి నడవండి. రెండు గుంజల మధ్య తెల్లదారం పదిపన్నెండు వరసలుగా లాగి కట్టి ఉంటుంది. అన్నం ముద్ద, గాజుపొడి, రంగు కలిపిన ముద్దను గుప్పిట్లో పట్టుకుని ఒక మనిషి ఆ దారం పొడవునా నడుస్తూ పోతాడు, వెనక్కి వస్తాడు, మళ్ళీ పోతాడు. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉంటాడు. ఆ పేలికలు ఎందుకో, ఆరిందో లేదో చూద్దామని దారం మీద వేలు పెట్టిన తర్వాత నాకు అర్థమైంది. దారం తెగలేదు, వేలు తెగింది. ఆయన ఏమీ అనకుండా తన పేలికల్లోంచి ఒకటి చించి ఇచ్చాడు. నైలాన్ దారంతో చేసే చైనా మాంజా మీద నిషేధం ఉంది, ఎవరైనా చాటుగా చూపిస్తే కొనకండి. పక్షుల రెక్కలే కాదు, బైకు మీద వెళ్ళేవాళ్ళ మెడలూ తెగుతున్నాయి.

ఆ నెలలోనే నుమాయిష్, అంటే ఏటా జరిగే పెద్ద వస్తు ప్రదర్శన. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉంటుంది. మనలాంటివాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. దీన్ని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బయటికొచ్చిన పట్టభద్రుల సంఘం. నాంపల్లికి 1946లో మారింది. ఇక్కడ నా సూత్రం తలకిందులు. మొదటి రోజుల్లో వెళితే సగం దుకాణాల్లో ఇంకా మేకులు కొడుతూ ఉంటారు. చివరి వారం, పనిరోజు వెళ్ళండి. ఉన్న సరుకు తిరిగి మోసుకుపోలేక కశ్మీరు శాలువాలవాళ్ళు, లక్నో చికన్ పనివాళ్ళు ధర దించుతారు. అమ్మకు శాలువా నేను అలాగే కొన్నాను. బేరమాడలేని ముఖం నాది, అయినా ఆయనే మూడుసార్లు తగ్గించాడు. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళవచ్చు.

వేసవి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పరీక్షలు, ఎండ, ఇంటికి ప్రయాణం. ఉన్న నాలుగు రోజుల్లో సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కు వెళ్ళి, ఆ 1935 నాటి రాతి కట్టడం ముందు కూర్చుని మామిడిపండు ఐస్‌క్రీం తినండి. శరత్కాలంలో అక్కడే సీతాఫలం ఐస్‌క్రీం దొరుకుతుంది, నా ఓటు దానికే. రంజాన్ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఏ కాలంలో పడుతుందో చూసుకోండి. హలీం సాయంత్రం అన్ని పేటల్లో దొరుకుతుంది. చార్మినార్, పత్తర్‌గట్టి వైపు మాత్రం అర్ధరాత్రి దాటాక వెళ్ళాలి, అదీ పండుగకు ముందటి రెండు మూడు రాత్రులు. నలుగురు కలిసి వెళ్ళండి, ఆటో కిరాయి ముందే మాట్లాడుకోండి.

జూన్‌లో మృగశిర కార్తె రోజు చేప తినాలని ఇక్కడి నమ్మకం. ఆ ఉదయం రాంనగర్ చేపల మార్కెట్‌లో అడుగు పెట్టే చోటు ఉండదు. మేం ముందు రోజు సాయంత్రమే కొరమీను కొన్నాం, హాస్టల్ వంటమనిషిని బతిమాలుకున్నాం. ఆయన వండాడు కానీ ముక్కలన్నీ లెక్కపెట్టి మరీ వడ్డించాడు.

వాన మొదలయ్యాక అందరూ చెప్పేది అనంతగిరి. నేనూ అదే చెబుతాను, కానీ కారులో కాదు. వికారాబాద్‌కు రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి కొండకు ఐదారు కిలోమీటర్లు ఆటోలో వెళ్ళండి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. ఊళ్ళో వంతెన మీద ముక్కు మూసుకుని దాటే ఏరు అక్కడ తడి ఆకుల కింద సన్నగా పారుతుంటే చూసి మా జట్టులో ఒకడు చాలాసేపు నమ్మలేదు. తిరుగు రైలు వేళ మాత్రం రాసి పెట్టుకోండి. మేం మొక్కజొన్న కంకుల దగ్గర ఆగి రైలు పోగొట్టుకున్నాం, మిగిలిన డబ్బులు కలిపి లెక్కేసుకుని, తడి బట్టలతో బస్సులో నిలబడి వచ్చాం.

ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి వచ్చి, తర్వాత లాల్‌దర్వాజకు వెళతాయి. మూడు ఆదివారాలూ కిక్కిరిసిపోతాయి. సికింద్రాబాద్‌లో సోమవారం వెళ్ళండి. ఉదయం పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం ఉంటుంది, లోపలికి వెళ్ళడం మనవల్ల కాదు, మైకులో వినాలి. తర్వాత ఫలహార బండ్లు, పోతరాజులు వీధుల్లోకి వస్తారు. వరుసలో నిలబడకుండా చూడగలిగేది అదే. తరగతి ఎగ్గొట్టాలి మరి, ఆ నిర్ణయం మీదే.

వినాయక చవితికి ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు. 2024లో అది 70 అడుగులు. చవితికి పది రోజుల ముందు వెళితే కర్రల మంచె మీద మనుషులు పిట్టల్లా కూర్చుని రంగులు వేస్తూ ఉంటారు. దేవుడి ముఖం ఇంకా తెల్లగానే ఉంటుంది, తొండానికి మాత్రం రంగు పడి ఉంటుంది. ఆ పూట నాకు పూర్తయిన విగ్రహం కంటే నచ్చింది. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు వెళ్ళదలిస్తే బస్సులు దారి మళ్ళిస్తారు, నడిచే ఓపిక ఉంటేనే బయల్దేరండి.

బతుకమ్మ గురించి వరంగల్ వాళ్ళకు నేను చెప్పేదేముంది. పూలు ఎక్కడ అన్నది మాత్రం చెబుతాను. చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు వెళ్ళండి. బంతి, చామంతి బస్తాల లెక్కన దిగుతాయి. తంగేడు, గునుగు కావాలంటే ఊరి చుట్టుపక్కల నుంచి కట్టలు తెచ్చి రోడ్డు పక్కన కూర్చునే అమ్మల దగ్గర అడగండి. పెద్ద సంచి మీరే తీసుకువెళ్ళండి, చిల్లర కూడా.