తెరచాప ఎత్తినంత మాత్రాన చాప పడవ కాదు

ప్రశ్న: సారంగు గారికి నమస్కారం. సంక్రాంతి సెలవులకు గోపాల్‌పూర్‌లో మా పెదనాన్న ఇంటికెళ్లి, ఆయనతోపాటు ఫైబర్ బోటులో వేటకు కూడా వెళ్లాను. వచ్చేటప్పుడు గాలి కలిసొచ్చిందని చాప ఎత్తాం. ఇంజను నెమ్మదిగా నడుస్తూనే ఉంది. కుడివైపు నుంచి ఇంకో ఇంజను బోటు అడ్డంగా వచ్చింది. ‘మనది చాప పడవ, వాడే తప్పుకోవాలి’ అని పెదనాన్న బోటు తిప్పలేదు. చివరికి రెండూ రాసుకుపోయాయి. ఒడ్డున పెద్ద గొడవ. తప్పెవరిది?
- ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ పెదనాన్నదే, బాబూ. ఇంజను నడుస్తూనే ఉందని నువ్వే రాశావు, ఇంక సాక్ష్యం ఎందుకు? 1972లో దేశదేశాలు కూడి రాసుకున్న సముద్ర నిబంధనలు 1977 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం చాప పడవంటే గాలితోనే నడిచేది. ఇంజను బిగించి ఉన్నా పరవాలేదు, అది పడవను తొయ్యకూడదు. తోస్తే, పైన ఎంత చాప రెపరెపలాడినా అది ఇంజను బోటే. రెండు ఇంజను బోట్లు అడ్డంగా వస్తే, అవతలిది ఎవరికి కుడిచేతివైపు కనబడుతుందో వాళ్లే తప్పుకోవాలి. మీ వాళ్లు కుడికి తిప్పి దాని వెనకనుంచి పోవాల్సింది.

ఇంజను ఆపేసి ఉంటే పెదనాన్న మాటే నిజమయ్యేది. చాప పడవ గాలికి ఎదురు తిన్నగా పోలేదు, ఇంజను బోటు ఎటైనా తిరుగుతుంది. అందుకే ఆ మర్యాద. అయినా దానికీ హద్దుంది. అవతలివాడు వల లాగుతూ తిరగలేని స్థితిలో ఉంటే చాప పడవే పక్కకు పోవాలి. రేవు కాలువలో, లోతున్న ఆ ఒక్క దారి తప్ప వేరే గతిలేని ఓడకు చాప పడవైనా అడ్డం పడకూడదు.

వెనకనుంచి దాటేవాడి సంగతి నాకు వీపు మీద రాసి ఉంది. కుర్రతనంలో బారువ దగ్గర మంచి గాలికి మా చాప పడవ, చేపల బరువుతో ఈడుస్తున్న ఓ ఇంజను బోటును అందుకుంది. తప్పుకోమని కేకలేశాను. మా నాన్న తెడ్డుతో ఒక్కటిచ్చాడు. దాటేవాడిది చాపైనా, ఇంజనైనా, తప్పుకునే బాధ్యత వాడిదే. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. తర్వాత ఓడలో చేరినప్పుడు అదే మాట నిబంధనల్లో కనిపిస్తే నవ్వొచ్చింది.

ఇంకోటి. దారి నీదైనప్పుడు నీ దిశ, వేగం మార్చకుండా పోవాలి, నిజమే. అవతలివాడు కదలకపోతే నువ్వే తప్పుకోవచ్చు. వాడొక్కడు తిప్పినా తప్పనంత దగ్గరికొస్తే నువ్వూ తప్పుకుని తీరాలి. అసలు మీదికొస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటావా? నీ పడవ దిశ మార్చకుండా, కూర్చున్న చోటు కదలకుండా, అవతలి బోటును మీ చాపకొయ్యతో సరిచూడు. కొయ్యకు ముందుకో వెనక్కో జరిగిపోతుంటే చాలావరకు భయం లేదు. అక్కడే ఉండి పెద్దదవుతోందంటే మీదికే వస్తోంది.

ఇదంతా పెదనాన్నకు చెప్పు. ఆయన చేతిలో తెడ్డు లేనప్పుడు.